కట్ చేసి పేస్ట్ చేస్తుండగా కరెంటు పోయింది, తాతగారి ఫొటోలు తెరుచుకోవడం లేదు

కొబ్బరి_తోట | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా ఊళ్లో, రాజోలు దగ్గర, మా తాతగారి సహస్ర చంద్ర దర్శనం జరిపించాం. ఫొటోగ్రాఫర్‌ను పిలవలేదు. బావగారి కెమెరా అడిగి తెచ్చుకుని నేనే తీశాను. 64 జీబీ కార్డులో 412 ఫొటోలు, తొమ్మిది వీడియోలు. గురువారం రాత్రి వాటిని ఇంట్లోని డెస్క్‌టాప్‌లోకి మారుస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఆరు నెలలైంది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే కాలం గడిపాను.

కరెంటు వచ్చాక చూస్తే కంప్యూటర్‌లోని ఫోల్డరులో 297 ఫొటోలు ఉన్నాయి. మొదటి రెండు వందల ముప్ఫై దాకా బాగానే తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఒక నాలుగు పై సగం మాత్రమే కనిపించి కింద అంతా బూడిదరంగు పలక. మిగిలినవి అసలు తెరుచుకోవు. చిత్రం ఏమిటంటే వాటి సైజు సరిగ్గానే చూపిస్తోంది, ఒక్కొక్కటి 6, 7 ఎంబీ. కార్డు మళ్లీ పెట్టి చూస్తే అందులో 116 ఫొటోలు, ఆ తొమ్మిది వీడియోలు మాత్రమే ఉన్నాయి.

పోయినవాటిలోనే తాతగారికీ అమ్మమ్మకూ మనవలందరం కలిసి నీళ్లు పోసిన ఫొటోలన్నీ ఉన్నాయి. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఏమైనా దారి ఉందా?

వేగిరం | శనివారం, రాత్రి 9:20

ఇది చాలా సులభం. కార్డు పెట్టి చెక్‌డిస్క్ నడపండి, లోపాలు సరిచేస్తుంది. తేడా వస్తే కార్డును ఒకసారి ఫార్మాట్ చేసి ఏదైనా రికవరీ సాఫ్ట్‌వేర్ దానిలోనే ఇన్‌స్టాల్ చేసుకోండి. నేను ఇలాగే చాలాసార్లు చేశాను.

పాత_కీబోర్డు | శనివారం, రాత్రి 9:31

కొబ్బరి_తోట గారూ, పై సలహా పాటించకండి. దయచేసి ముందు కార్డు బయటికి తీసి, దాని పక్కన ఉన్న చిన్న మీటను కిందికి జరిపి తాళం వేయండి. తర్వాత మాట్లాడుకుందాం.

వేగిరం గారూ, మీ మీద కోపం లేదు. కానీ చెక్‌డిస్క్ పని ఫైళ్లు కాపాడటం కాదు, ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్దు, దాని లెక్క సరిచేయడం. లెక్క కుదరని ముక్కలను తీసుకెళ్లి ఒక ఫోల్డరులో సీహెచ్‌కే అనే తోక తగిలించి పడేస్తుంది. లెక్క కుదురుతుంది, మీ ఫైలుకు పేరూ ఊరూ పోతాయి. పోగొట్టుకున్న ఫైళ్లు ఉన్న కార్డులోనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడమంటే, ఉంగరం పడిపోయిన మడిలో దమ్ము చేయడం.

ఇక అసలు విషయం. కొబ్బరి_తోట గారూ, మీ లెక్క చూశారా? కంప్యూటర్‌లో 297, కార్డులో 116, కలిపితే 413. మీరు తీసినవి 412. ఆ ఒక్క ఫొటో రెండు చోట్లా ఉంది. కరెంటు పోయిన క్షణంలో కాపీ అవుతున్నది అదే. కట్ చేసినప్పుడు విండోస్ ఒక ఫైలును పూర్తిగా కాపీ చేశాకే దాన్ని కార్డులోంచి తీసేస్తుంది, ఆ తర్వాత రెండోదానికి వెళుతుంది. కాబట్టి మధ్యలో ఆగిపోయిన ఫొటో కార్డులో భద్రంగా ఉంది. దెబ్బతిన్నవి దానికి ముందు 'పూర్తయిపోయాయి' అని కంప్యూటర్ అనుకున్నవి.

అనుకుంది అని ఎందుకన్నానంటే, కాపీ అయిన ఫైలు వెంటనే డిస్కు మీదికి చేరదు. కొంతసేపు ర్యామ్‌లోనే ఉంటుంది, కంప్యూటర్ తీరిక చూసుకుని డిస్కు మీద రాస్తుంది. ఫైలు పేరు, సైజు, దానికి కేటాయించిన చోటు వంటి వివరాలను మాత్రం ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కు మీద ఫైళ్లు సర్దే పద్ధతి) ఒక చిట్టాలో రాసుకుంటుంది, కరెంటు పోయినా అవి నిలబడతాయి. లోపలి సరుకుకు ఆ చిట్టా లేదు. అందుకే సైజు 7 ఎంబీ అని చూపిస్తుంది, తెరిస్తే లోపల అన్నీ సున్నాలు. ఇంటి నంబరు వేశారు, ఇల్లు కట్టలేదు.

ఒక తెరుచుకోని ఫొటోను హెక్స్ ఎడిటర్‌తో, అంటే ఫైలు లోపలి సరుకును అంకెలుగా చూపే సాఫ్ట్‌వేర్‌తో, తెరిచి చూడండి. మంచి జేపెగ్ ఎప్పుడూ ఎఫ్ఎఫ్ డి8 తో మొదలై సాధారణంగా ఎఫ్ఎఫ్ డి9 తో ముగుస్తుంది. మీవాటిలో మొదటి గడి నుంచి చివరి గడి దాకా 00 00 00 అని కనిపిస్తే, ఆ ఫైళ్లను బాగుచేస్తామనే ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. బాగుచేయడానికి లోపల ఏమీ లేదు. మనం వెతకాల్సింది కంప్యూటర్‌లో కాదు, కార్డులో.

ఒక ప్రశ్న. గురువారం తర్వాత ఆ కార్డుతో ఏమైనా తీశారా?

కొబ్బరి_తోట | శనివారం, రాత్రి 10:04

మీట జరిపాను. హెక్స్ ఎడిటర్ దించుకుని చూశాను. మీరు చెప్పినట్టే, కిందికి ఎంత జరిపినా సున్నాలే. చూస్తుంటే భయం వేసింది. బూడిదరంగు పలక వచ్చిన ఫొటో మొదట్లో మాత్రం ఎఫ్ఎఫ్ డి8 ఉంది, సగం నుంచి సున్నాలు.

తీశాను. తప్పు ఒప్పుకోవాలి కదా. శుక్రవారం పొద్దున కెమెరా పనిచేస్తోందో లేదో చూద్దామని మా అబ్బాయి సైకిలు తొక్కుతుంటే ఐదు ఫొటోలు, ఒక చిన్న వీడియో తీశాను. వీడియో నలభై సెకన్లు ఉంటుంది.

స్టూడియో_వెనకగది | శనివారం, రాత్రి 10:15

అయ్యో, ఆ పని చేయకుండా ఉండాల్సింది. నేను వరంగల్‌లో పెళ్లిళ్లు తీస్తాను, పన్నెండేళ్లుగా ఇదే పని. కెమెరా బాగుందో లేదో చూడాలంటే వేరే కార్డు పెట్టి చూడాలండీ. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఫైలు పోయిన బాధకన్నా, పోయిందా లేదా అని చూసుకునే ఆత్రం ఎక్కువ నష్టం చేస్తుంది.

పాత_కీబోర్డు | శనివారం, రాత్రి 10:41

జరిగింది జరిగింది. నలభై సెకన్ల వీడియో అంటే రెండు మూడు వందల ఎంబీ, ఐదు ఫొటోలు ఇంకో 35 ఎంబీ. అవి కార్డులో ఎక్కడ పడ్డాయన్నదే ప్రశ్న. ఫైళ్లు వరుసగా మొదటి నుంచి కదిలాయి కాబట్టి కార్డులో మొదట ఖాళీ అయింది ఆదివారం పొద్దున్నే తీసిన ఫొటోల చోటు. కొత్తవి అక్కడే పడి ఉంటే మీకు నష్టమే లేదు. ఆ పొద్దుటి ఫొటోలు కంప్యూటర్‌లో బాగానే ఉన్నాయి కదా.

ఇంకో మంచి విషయం. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు సర్దే పద్ధతిలో వస్తాయి. అందులో ఫైలు తీసేస్తే, 'ఈ వరుస వాడుకలో లేదు' అని ఒక గుర్తు మారుతుంది, అంతే. పేరు, మొదలైన చోటు, పొడవు అలాగే ఉంటాయి. పాత ఫ్యాట్32 అయితే పేరులో మొదటి అక్షరం చెరిగిపోయేది, ముక్కలుగా ఉన్న ఫైలు దారి కూడా పోయేది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. తొందర వద్దు, రేపు పగలు చేయండి, ఆ యూపీఎస్ సంగతి చూసుకున్నాకే.

ముందు కార్డు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఫోల్డర్ల కాపీ కాదు, ఖాళీ అని చూపిస్తున్న చోటుతో సహా మొదటి గడి నుంచి చివరి గడి దాకా. విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ చాలు. అందులో రీడ్, రైట్ అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. మీకు కావలసింది రీడ్. పొరపాటున రైట్ నొక్కితే ఫైలులో ఉన్నదాన్ని కార్డు మీద రుద్దేస్తుంది. మీట తాళం వేయమన్నది అందుకే. కానీ ఆ మీటను పట్టించుకోవాల్సింది కార్డు రీడరు, కార్డు కాదు. కాబట్టి మీట ఉంది కదా అని ధీమా వద్దు, చూసి నొక్కండి.

మామూలు యూఎస్‌బీ 2 రీడర్ అయితే గంట పడుతుంది. మధ్యలో చదవలేని చోట్లు వచ్చి ఆగిపోతుంటే చెప్పండి, అప్పుడు లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడదాం. అది చెడిన చోట్లను దాటుకుంటూ ముందు మంచివన్నీ తీసుకుని, ఆ తర్వాతే వెనక్కి వచ్చి మొండిచోట్ల మీద పని పడుతుంది.

ఇమేజ్ వచ్చాక కార్డును డబ్బాలో పెట్టేయండి. మిగతా పనంతా ఇమేజ్ మీదే. అందులో మొదట టెస్ట్‌డిస్క్. ఉచితం. తీసేసిన ఫైళ్లను ఎర్ర అక్షరాలలో చూపిస్తుంది, పేర్లతో సహా తిరిగి ఇస్తుంది. దానికి దొరకనివాటికి దాని తోడబుట్టిన ఫొటోరెక్. ఇది పేర్లు చూడదు, గడి గడీ తడుముతూ ఎఫ్ఎఫ్ డి8 కనిపించిన చోటల్లా ఒక ఫొటో లాగుతుంది. పేర్లన్నీ అంకెల్లా వస్తాయి, కూర్చుని సర్దుకోవాలి.

అచ్చుల_పెట్టె | ఆదివారం, ఉదయం 7:50

ఈ చర్చలోనే నా గోడు కూడా చెప్పుకోవచ్చా? నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పాత కంప్యూటర్ నుంచి కొత్తదానిలోకి పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లన్నీ కాపీ చేశాను. కాపీ మధ్యలో ఒకసారి ఆగిపోతే మళ్లీ చేశాను. ఇప్పుడు పేజ్‌మేకర్‌లో ఒక శతక వ్యాఖ్యానం తెరిస్తే 144 పేజీలూ ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలర్ గుర్తులు. తెలుగు ఒక్క ముక్క లేదు. రచయిత వచ్చే వారం ప్రూఫులు అడుగుతున్నారు.

పాత_కీబోర్డు | ఆదివారం, ఉదయం 8:22

అచ్చుల_పెట్టె గారూ, పాత కంప్యూటర్‌లో అను ఫాంట్లు వాడేవారా? కొత్తదానిలో అవి ఎక్కించారా?

అచ్చుల_పెట్టె | ఆదివారం, ఉదయం 8:40

అను ఫాంట్లే. కొత్తదానిలో ఇంకా ఎక్కించలేదు. అదా సంగతి!

పాత_కీబోర్డు | ఆదివారం, ఉదయం 8:47

అదే. మీ ఫైలుకు ఏమీ కాలేదు. ఆ ఫాంట్లలో 'క' అనేది నిజానికి ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం చోట గీసిన బొమ్మ. ఫాంటు లేకపోతే బొమ్మ పోయి ఆ అక్షరం బయటపడుతుంది. ఫాంటు ఎక్కించగానే తెలుగు వచ్చేస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసినదైతే ఈ బాధ ఉండదు. ఏ తెలుగు ఫాంటు ఉన్నా చదవవచ్చు. ఒక్క జాగ్రత్త: గజిబిజి చూసి ఏదో పాడైందని దాని మీద సేవ్ కొట్టకండి, ఫాంటు కూడా మార్చకండి.

అయితే కాపీ మధ్యలో ఆగిందన్నారు కాబట్టి మిగతా ఫైళ్లను మాత్రం సరిచూసుకోండి. విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఉంది. ఫైలు పేరు ఇచ్చి షా256 అడిగితే 64 అక్షరాల ముద్ర ఇస్తుంది. పాతదానిలో ఒకసారి, కొత్తదానిలో ఒకసారి తీయండి. ఒక్క బిట్ తేడా ఉన్నా ముద్ర పూర్తిగా మారిపోతుంది. సైజు చూసి సరిపోయిందనుకోవడం ఎంత మోసమో కొబ్బరి_తోట గారి ఫొటోలు చూశారు కదా.

డాలస్_దోసె | ఆదివారం, ఉదయం 9:30

ముద్రల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. రెండేళ్ల క్రితం ఇండియాలో అమ్మానాన్నల పాత క్యాసెట్లన్నీ డిజిటల్ చేయించి, ఇక్కడికి వచ్చాక నా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పెద్ద జిప్ ఫైలు, 38 జీబీ. విప్పుతుంటే పాడైందని అంటుంది. మళ్లీ కాపీ చేస్తే మళ్లీ పాడు, కానీ ప్రతిసారీ వేరే చోట. డ్రైవు తప్పనుకున్నాను, కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. ఒకే ఫైలుకు మూడుసార్లు ముద్ర తీస్తే మూడు రకాలుగా వచ్చింది. అప్పుడు అర్థమైంది, డ్రైవులో ఉన్నది మారడం లేదు, చదివేవాడికే కళ్లు సరిగ్గా లేవు. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే తెల్లవారేసరికి తెర మీద ఎర్ర గీతలు. రెండు ర్యామ్ పలకల్లో ఒకటి చెడిపోయింది. తీసేశాక అదే జిప్ మొదటిసారికే విప్పుకుంది.

స్టూడియో_వెనకగది | ఆదివారం, ఉదయం 10:05

కేబుల్ తప్పు కూడా మా దగ్గర ఒకసారి పట్టుకున్నాం. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 అనే వరుసలో సీఆర్‌సీ తప్పుల (డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య దారిలో దొర్లే తప్పుల) లెక్క రోజూ పెరుగుతోంది. సీ5 పెరిగితే డిస్కు పోతోందని, సీ7 పెరిగితే కేబుల్ చూసుకోమని అర్థం. కొత్త శాటా కేబుల్ వేస్తే ఆగిపోయింది. ఆ చిన్న వైరు కోసం డిస్కు మార్చబోయాం.

వేగిరం | ఆదివారం, ఉదయం 10:30

నిన్న తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. కట్ చేయడమే నేరమన్నట్టు మాట్లాడుతున్నారు. పదిహేనేళ్లుగా కట్ చేస్తున్నాను, ఒక్క ఫైలు పోలేదు.

స్టూడియో_వెనకగది | ఆదివారం, ఉదయం 10:44

హెల్మెట్ లేకుండా పదిహేనేళ్లు బండి నడిపినవారు కూడా ఉన్నారండీ. ఒకే డ్రైవులో, అంటే సీ అయితే సీలోనే, ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు కట్ చేస్తే ఇబ్బంది లేదు. అక్కడ సరుకు కదలదు, చిరునామా మారుతుంది, అంతే. కార్డు నుంచి కంప్యూటర్‌కు మాత్రం నేను ఎన్నడూ కట్ చేయను, మా కుర్రాళ్లను చేయనివ్వను. రెండు డిస్కుల్లోకి కాపీ చేస్తాం, టెరాకాపీతో సరిచూస్తాం, ఆల్బమ్ పార్టీవాళ్ల చేతికి వెళ్లేదాకా కార్డు ఫార్మాట్ చేయం. కార్డులు ఎక్కువ కొనాల్సి వస్తుంది. పెళ్లి మళ్లీ చేయించడం కన్నా చవకే.

కొబ్బరి_తోట | ఆదివారం, రాత్రి 8:55

యూపీఎస్ బ్యాటరీ మార్పించాను. ఇమేజ్ తీసేసరికి గంటా పది నిమిషాలు పట్టింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. రీడ్ బటన్ మీద వేలు పెట్టి మూడుసార్లు చదువుకుని నొక్కాను.

టెస్ట్‌డిస్క్‌లో ఎర్ర అక్షరాల జాబితా కనబడగానే కుర్చీలోంచి లేచిపోయాను. పేర్లన్నీ ఉన్నాయి! లెక్క చెబుతాను. కంప్యూటర్‌లో పాడైనవి మొత్తం 66. వాటిలో 64 పూర్తిగా వచ్చాయి. పాత_కీబోర్డు గారు అన్నట్టే, మా వాడి సైకిలు వీడియో ఆదివారం పొద్దుటి ముగ్గుల ఫొటోల మీద పడింది. అవి ఎలాగూ కంప్యూటర్‌లో ఉన్నాయి.

రాని రెండింటిలో ఒకటి పోతే పోయింది, భోజనాల దగ్గర విస్తరాకుల వరుస. రెండోదే కావలసింది. పై సగంలో తాతగారి తల మీద నుంచి నీళ్లు జారుతున్నాయి, అమ్మమ్మ కళ్లు మూసుకుని నవ్వుతోంది. కింది సగంలో సైకిలు చక్రం, మా వాడి చెప్పు. ఇది ఎలా జరిగింది?

పాత_కీబోర్డు | ఆదివారం, రాత్రి 9:20

వేడుక జరుగుతుండగా బాగా రాని ఫొటోలేమైనా కెమెరాలోనే తీసేశారా? తీసేసిన చోట చిన్న కన్నం మిగులుతుంది. ఆ తర్వాతి ఫొటోలో కొంత ఆ కన్నంలో, మిగతాది ఇంకెక్కడో పడి ఉంటుంది. రెండో ముక్క మీద శుక్రవారం ఫొటో ఒకటి కూర్చుంది. అక్కడ ఉన్నది చెరిగిపోయింది, అది ఇక రాదు.

కానీ ప్రతి జేపెగ్ మొదట్లో, ఎగ్జిఫ్ అనే, ఫొటో తీసిన తేదీ వంటి వివరాల మధ్య, కెమెరా ఒక చిట్టి ఫొటో దాచిపెడుతుంది, సాధారణంగా 160 పిక్సెళ్ల వెడల్పు, 120 ఎత్తు. మీ ఫైలు తల భద్రంగా ఉంది కాబట్టి అది కూడా ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్‌తో బయటికి తీయవచ్చు.

కొబ్బరి_తోట | సోమవారం, రాత్రి 7:40

వచ్చింది. తపాలా బిళ్లంత ఉంది. ఇద్దరూ పూర్తిగా ఉన్నారు, అమ్మమ్మ చేతిలో తాతగారి ఉత్తరీయం కొస కూడా కనిపిస్తోంది.

ఇంకో విషయం అడగాలి. ఆ రెండు ఫొటోలు దొరుకుతాయేమోనని ఫొటోరెక్ కూడా నడిపాను. వెయ్యికి పైగా ఫొటోలు లాగింది. అందులో మావి కానివి చాలా ఉన్నాయి. ఎవరిదో బారసాల. ఊయల, మామిడాకులు, పసుపు కొమ్ములు. కాస్త చూశాక అక్క కనిపించింది. మా మేనకోడలి బారసాల! అంటే రెండేళ్ల నాటివి. కార్డు నాకు ఇచ్చేటప్పుడు బావగారు కెమెరాలోనే ఫార్మాట్ చేసి ఇచ్చారు. అయినా ఎలా వచ్చాయి?

పాత_కీబోర్డు | సోమవారం, రాత్రి 8:02

కెమెరాలో చేసే మామూలు ఫార్మాట్ విషయసూచికను మాత్రమే చింపి కొత్తది పెడుతుంది. పుస్తకం పేజీలు అలాగే ఉంటాయి. మీరు 64 జీబీ నింపలేదు కాబట్టి చివరి పేజీల్లో పాతవి మిగిలాయి. వాడిన కార్డు అమ్మేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ బావగారికి చెప్పండి, ఆయన ఫొటోలు ఆయనవి కదా.

కొబ్బరి_తోట | మంగళవారం, రాత్రి 9:30

బావగారికి ఫోను చేశాను. "బారసాల ఫొటోలు నా దగ్గరికి వచ్చాయి బావా, తీసేయనా?" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "మీ అక్క పక్కన ఉందా?" అని అడిగారు.

ఆయన కూడా అప్పట్లో ల్యాప్‌టాప్‌లోకి కట్ చేస్తుంటే మధ్యలో వైరు ఊడిందట. సగం పోయాయి. భయపడి ఇంట్లో చెప్పలేదు. రెండేళ్లుగా అక్క అడిగినప్పుడల్లా ఆల్బమ్ స్టూడియోలో ఉంది, వాళ్లు ఆలస్యం చేస్తున్నారు అని చెబుతూ వచ్చారట. రేపు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను. కాపీ చేసి, ముద్రలు సరిచూసే ఇస్తాను.

స్టూడియో_వెనకగది | మంగళవారం, రాత్రి 9:41

రెండేళ్లుగా ఆ స్టూడియోవాళ్లు పడిన తిట్లకు మీ బావగారు ఏం బదులు చెబుతారో కనుక్కోండి!